నలభై ఏడో నంబరు ఉత్తర్వు

తాతయ్యకు రెండు గొంతులుండేవి. మైకులో గొంతు నాలుగు వీధుల అవతల నిద్రపోతున్న పసిపిల్లల్ని లేపి కూర్చోబెట్టేది. ఇంట్లో గొంతు పక్కగదిలోకి కూడా వెళ్లేది కాదు. కాస్త టీ పెట్టమని అమ్మమ్మను అడగడానికి మూడుసార్లు వంటగది గుమ్మం దాకా వెళ్లి, మూడుసార్లూ గోడ గడియారం వైపు చూసి, ఏదో పని గుర్తొచ్చినవాడిలా వెనక్కి వచ్చేవాడు. చివరికి అమ్మమ్మే, "టీ కావాలంటే కావాలని చెప్పొచ్చుగా. ఏం, మైకు తెచ్చి చేతికివ్వనా?" అనేది.

నలభై ఏళ్లు ఆ ఊళ్లో ఏ కబురైనా ఆయన నోటి మీదుగానే బయటికొచ్చింది. కొత్త సినిమా, బట్టల దుకాణంలో తగ్గింపు, కుళాయిలు రాని రోజు, తప్పిపోయిన పిల్ల, దొరికిన తాళాలగుత్తి. పాత వ్యాను, దాని నెత్తిన రెండు గరాటా మైకులు, ముందు సీట్లో తాతయ్య, స్టీరింగు దగ్గర ఆయన్ను బాబాయ్ అని పిలిచే డ్రైవరు. తాతయ్యకు ఒకటే నియమం. కాగితం మీద ఉన్నది చదవాలి. సొంత మాట ఒక్కటి కలపకూడదు, ఉన్న మాట ఒక్కటి తీయకూడదు. ఒకసారి సినిమా హాలువాళ్లు తొందరలో హీరో పేరు రాయాల్సిన చోట తమ మేనేజరు పేరు రాసిచ్చారు. తాతయ్య రోజంతా మేనేజరుగారి సాహసాల గురించి ఊరంతా చాటి వచ్చాడు. నడుం నొప్పితో కుర్చీలోంచి లేవలేని ఆ మేనేజరు వారం రోజులు బజార్లో మొహం చూపించలేకపోయాడు. అడిగితే తాతయ్య అన్నది ఒక్కటే: "రాసింది చదివాను."

అమ్మమ్మకు మూడేళ్ల కిందట మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. అప్పటినుంచి సోమవారం, గురువారం పెద్దాసుపత్రిలో డయాలసిస్. ఆరు కుర్చీలు, ఆరు మెషిన్లు, ఒక్కో మనిషికి నాలుగు గంటలు. ఆవిడది మూడో నంబరు కుర్చీ. నాలుగో నంబరులో గడియారాలు బాగుచేసే ఆయన కూర్చునేవాడు. రక్తం గొట్టాల్లోంచి మెషిన్లోకి వెళ్లి శుభ్రపడి వచ్చేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. రోజుకు అరలీటరుకు మించి ఏదీ తాగకూడదు కాబట్టి అమ్మమ్మ నీళ్లు చిన్న స్టీలు గ్లాసులో పోసుకుని, మందు తాగినట్టు గుక్కగుక్కగా తాగేది. మిగతావాళ్లు చెంబెత్తి గటగటా తాగుతుంటే చూసి, "తాగండి తాగండి, నా వాటా కూడా మీదే" అనేది. ఆ రెండు రోజులూ తాతయ్య ఎవరి ప్రకటనా ఒప్పుకునేవాడు కాదు. ఒక్క డయాలసిస్ తప్పితే ఆవిడ పాదాలు పొంగుతాయి, రెండు తప్పితే ఊపిరి ఆడదు. ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది ప్రభుత్వానికే.

ఇంతలో రోగం వచ్చింది.

మొదటి నెలంతా రోగం లేదని ప్రభుత్వం తాతయ్య చేత చెప్పించింది. అది ఎక్కడో దూరదేశాల రోగమని, మన గాలికి బతకదని రాసిచ్చిన కాగితాన్ని ఆయన ఏ అక్షరమూ పొల్లుపోకుండా చదివాడు. రెండో నెలలో, వచ్చినా మామూలు జలుబేనని చదివాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆరోగ్యశాఖ ఆఫీసు నుంచి మనిషి పరుగెత్తుకొచ్చి ఇంకో కాగితమిచ్చాడు. రేపు పొద్దున్నించి ఎవరూ గడప దాటకూడదు, దాటితే జైలు.

వ్యాను బజార్లోకి వెళ్లింది. తాతయ్య గొంతు సవరించుకుని, నలభై ఏళ్ల అలవాటు చొప్పున "మహాజనులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టాడు. ఆ గొంతు వినపడితే తగ్గింపు ధరలని ఊరికి తెలుసు. సంచులు పట్టుకుని జనం బిలబిలమంటూ వీధిలోకి వచ్చేశారు. ఇళ్లలోంచి బయటికి రాకండని తాతయ్య ఎంత గట్టిగా చెబితే అంతమంది వచ్చారు. ఆఖరికి ఇంట్లో ఉండమనే ప్రకటన వినడానికి వ్యాను చుట్టూ నిలబడ్డ జనాన్ని దాటి వ్యాను కదల్లేకపోయింది.

మర్నాడు టీవీలో మంత్రిగారు ప్రజలకు క్రమశిక్షణ లేదని బాధపడ్డారు. నెల రోజులు రోగమే లేదని చెప్పి, ఒక్క సాయంత్రంలో తలుపులు మూసుకోమన్నవాళ్లకు మాత్రం బోలెడంత క్రమశిక్షణ ఉన్నట్టు.

అప్పట్నుంచి ఉత్తర్వుల వాన. ప్రతిదానికీ ఒక నంబరు. దుకాణాలు రోజంతా తెరిస్తే జనం గుమిగూడతారని, రోజుకు ఒక్క గంటే తెరవమన్నారు. ఊరు ఊరంతా ఆ ఒక్క గంటలో ఒకరి వీపు మీద ఒకరు ఊపిరి వదులుకుంటూ నిలబడింది. చెట్లకు, కరెంటు స్తంభాలకు మందునీళ్లు కొట్టించారు. ఆసుపత్రి నర్సులేమో వానకోట్లు తొడుక్కుని పనిచేశారు. పన్నెండో నంబరు పార్కులు తెరవమంది, అదే తేదీన పదమూడో నంబరు మూయమంది. పంతొమ్మిదో నంబరు ఉత్తర్వు ఇరవయ్యొకటో నంబరు ఉత్తర్వును రద్దుచేసింది. ఇరవయ్యొకటి అప్పటికింకా పుట్టలేదు. తాతయ్య అన్నీ చదివాడు. పొద్దున ఒకటి చదివిన వీధిలో సాయంత్రం దానికి తలకిందులుది చదివాడు. కిటికీల్లోంచి జనం, "పెద్దాయనా, రేపటిది కూడా ఇప్పుడే చెప్పేయకూడదూ, ఒకేసారి నవ్వుకుంటాం" అని అరిచేవాళ్లు. ఆయన తల దించుకుని రాసింది చదివేవాడు. ప్రకటనల వ్యానుకు పాసు ఉంది. ఆ వ్యాను లేకపోతే సోమవారం లేదు, గురువారం లేదు.

పాసులో ముగ్గురికి చోటుంది: డ్రైవరు, ప్రకటనకర్త, సహాయకుడు. సహాయకుడి చోట డ్రైవరే అమ్మమ్మను రాయించాడు. మొదటిరోజు చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు వ్యానులోకి తొంగిచూశాడు.

"ఈవిడెవరు?"

"సహాయకురాలండీ. మైకు వైరు పట్టుకుంటుంది" అన్నాడు డ్రైవరు.

"వైరు పట్టుకోడానికి మనిషెందుకయ్యా?"

అమ్మమ్మే జవాబు చెప్పింది. "ఆయన మాట్లాడేటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకోవాలి నాయనా. ఇంట్లో నేను తల పట్టుకుంటాను. ఇక్కడ వైరు."

కానిస్టేబులు తాడు పైకెత్తాడు. అలా రెండు నెలలు సాగింది.

అప్పుడు మంత్రిగారికి ఫొటో కావాల్సి వచ్చింది. పెద్దాసుపత్రిలో ప్రత్యేక వార్డు ప్రారంభిస్తామన్నారు. వార్డుకు గది లేదు. కిటికీల వెలుతురు బాగా పడే గది ఒక్కటే ఉంది, డయాలసిస్ గది. ఒక్క మధ్యాహ్నంలో ఆరు మెషిన్లు పీకేసి, ఊరి చివర పాత గోడౌనుకు తరలించారు. ఆ గదిలో ఇరవై మంచాలు వేసి తెల్ల దుప్పట్లు పరిచారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు, ఫొటో బాగా వచ్చింది. ఆక్సిజన్ గొట్టాలు వేయలేదు కాబట్టి ఆ మంచాల మీద ఏ రోగినీ పడుకోబెట్టలేదు. దుప్పట్లు మాత్రం మాయలేదు.

గోడౌను గేటు దగ్గర కొత్తగా ఒక బల్ల, బల్ల వెనక ఒక గార్డు, గార్డు చేతిలో రెండు ఉత్తర్వులు. నలభై ఒకటో నంబరు ప్రకారం, రోగం లేదన్న పరీక్ష పత్రం లేనివాళ్లను లోపలికి పంపకూడదు. నలభై ఆరో నంబరు ప్రకారం, ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసిన రోజునుంచి ఆ పత్రం రెండు రోజులే చెల్లుతుంది. గురువారం అమ్మమ్మను వెనక్కి పంపేశారు. అక్కణ్నుంచి అటే వెళ్లి నమూనా ఇచ్చింది. ఫలితం నాలుగు రోజులకు వచ్చింది, సోమవారం పొద్దున. రోగం లేదు. పత్రం పట్టుకుని గోడౌనుకు వెళితే గార్డు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"శనివారంతోనే అయిపోయిందమ్మా ఇది."

"ఇవాళేగా చేతికొచ్చింది" అంది అమ్మమ్మ.

"వచ్చింది ఇవాళే. అయిపోయింది మొన్న." ఆ మనిషి మొహం కూడా అదోలా ఉంది. "నన్ను తిట్టకండి. పొద్దున్నించి ఇద్దర్ని వెనక్కి పంపేశాను. లోపల మెషిన్లు ఖాళీగా ఉన్నాయి."

ఆవిడకు చివరిసారి డయాలసిస్ జరిగి అప్పటికి ఏడు రోజులు. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు. కళ్ల కింద ఉబ్బు. సీట్లో వెనక్కి వాలితే ఊపిరి అందక, ముందుకు వంగి, డాష్‌బోర్డు మీద చేతులు ఆనించుకుని కూర్చుంది. పొద్దున్నించి స్టీలు గ్లాసు ముట్టుకోలేదు. జోకులు మానేసింది. తాతయ్య అన్నిటికంటే దానికి భయపడ్డాడు.

"ఆరోగ్యశాఖ ఆఫీసుకు పోనీ" అన్నాడు డ్రైవరుతో.

ఆఫీసులో గుమాస్తా అద్దం వెనక కూర్చుని ఉన్నాడు. తాతయ్య రెండు ఉత్తర్వులూ, ఒక పత్రమూ అద్దం కింద సందులోంచి తోసి, తన ఇంటి గొంతుతో విషయం చెప్పుకున్నాడు. గుమాస్తా మూడుసార్లు "ఆఁ?" అన్నాక అర్థం చేసుకున్నాడు.

"మళ్లీ పరీక్ష చేయించండి."

"మళ్లీ నాలుగు రోజులు పడుతుంది కదండీ."

"పడుతుంది."

"పత్రం రెండు రోజులే కదండీ."

"అవును. ఏ ఉత్తర్వుకా ఉత్తర్వు సరిగ్గానే ఉంది."

"రెండూ కలిపి చూస్తే?"

"కలిపి చూసేది మా సెక్షను కాదు" అన్నాడు గుమాస్తా, కాగితాలు వెనక్కి తోస్తూ.

తాతయ్య మెట్లు దిగి వచ్చాడు. అమ్మమ్మ తల ఎత్తి, ఏమన్నారని కూడా అడగలేదు. ఆయన ఆవిణ్ని ఒక్క నిమిషం చూశాడు. తర్వాత చేయి చాచి మైకు తీసుకున్నాడు. డ్రైవరు అడక్కుండానే ఆంప్లిఫయరు మీటను చివరిదాకా తిప్పాడు.

"మహాజనులకు విజ్ఞప్తి. ఆరోగ్యశాఖవారి నలభై ఒకటో నంబరు ఉత్తర్వు." మొత్తం చదివాడు. "ఆరోగ్యశాఖవారి నలభై ఆరో నంబరు ఉత్తర్వు." అదీ మొత్తం చదివాడు. తర్వాత అమ్మమ్మ పరీక్ష పత్రం: నమూనా తీసిన తేదీ, ఫలితం ఇచ్చిన తేదీ, కింద సంతకం. సొంత మాట ఒక్కటి కలపలేదు. అయిపోగానే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఎదుటి భవనం కిటికీలు తెరుచుకున్నాయి. రెండో విడతకు ఎవరో నవ్వారు. మూడో విడతకు వేళ్లు మడిచి లెక్కపెట్టి, ఈల వేశారు.

నాలుగో విడత మధ్యలో ఆరోగ్యాధికారి తనే వరండాలోకి వచ్చాడు. మొహానికి రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ తెర. మెట్టు మీదినుంచి కిందికి దిగలేదు.

"ఏంటయ్యా ఈ గోల? ముందు ఆపు."

"చదవమని మీరిచ్చినవేనండీ" అన్నాడు తాతయ్య మైకులోనే. ఆ మాట ఎదుటి భవనం దాకా వెళ్లింది.

అధికారి చుట్టూ చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, గుమాస్తా తెచ్చిన లెటర్‌హెడ్డు మీద నిలబడే గీకాడు. 'డయాలసిస్‌కు వచ్చినవారిని పరీక్ష పత్రం అడగకుండా లోపలికి పంపవలెను.' సంతకం, ముద్ర. కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని గుమాస్తా చేత పంపించాడు. జబ్బు ఎవరికని అడగలేదు. ఆవిడ పేరు అడగలేదు. వ్యానులోకి ఒకసారి చూడనైనా చూడలేదు. గోల ఆగితే చాలు ఆయనకు.

గోడౌను గార్డు ఆ కాగితం చూసి బల్ల పక్కకు జరిపాడు. అరగంటలో అమ్మమ్మ ఎడమచేతి నరంలో సూదులు దిగాయి, మెషిను తిరగడం మొదలుపెట్టింది. తాతయ్య కిటికీ బయట నిలబడి కాగితం మళ్లీ చదువుకున్నాడు. అలవాటు చొప్పున మూడుసార్లు. మూడోసారికి ఆయన పెదాలు ఆగిపోయాయి.

"ఒరే, ఇందులో మీ పిన్ని పేరు లేదు."

డ్రైవరు తొంగిచూశాడు. "లేదు. డయాలసిస్‌కు వచ్చినవారు అని ఉంది. అంటే అందరికీనా?"

"రాసింది అదే."

"అయితే ఊళ్లో చదివేద్దామా, బాబాయ్? కానీ దీనికి నంబరు లేదుగా. నంబరు లేకపోతే గార్డులూ నమ్మరు, ఊరూ నమ్మదు."

తాతయ్య లెక్క వేసుకున్నాడు. చదివాక ఆఫీసువాళ్లు కాదంటే పాసు పోతుంది. పాసు పోతే వచ్చే గురువారం పోతుంది. కిటికీ ఊచల మధ్యనుంచి అమ్మమ్మకు కాగితం చూపించి, విషయమంతా చెప్పాడు. లోపల మెషిన్ల రొద. ఆ మనిషి గొంతు ఎప్పుడూ వినపడదు కాబట్టి ఆవిడకు పెదాలు చూసి అర్థం చేసుకోవడం అలవాటే.

చుట్టూ చూసింది. ఆరు కుర్చీల్లో తనొక్కతే.

"ఇంకా ఇక్కడే నిలబడతారేంటి?" అంది. "నాకు నాలుగ్గంటలు పడుతుంది. ఊరు రెండుసార్లు తిరిగి రావచ్చు."

"నంబరు లేదే."

"నలభై ఆరు తర్వాత ఎంతో అది కూడా నేనే చెప్పాలా?"

నలభై ఏళ్లలో తాతయ్య కాగితం మీద లేని మాట చదవడం అదే మొదలు. వ్యాను బజారు మలుపు తిరిగాక కళ్లు మూసుకుని, "ఆరోగ్యశాఖవారి నలభై ఏడో నంబరు ఉత్తర్వు" అన్నాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని మిగతాది ఉన్నదున్నట్టు చదివాడు. వీధివీధికీ చదివాడు. ఒక ఇంటిముందు ఒక కూతురు తల్లిని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, అప్పటికప్పుడే గోడౌనుకు బయల్దేరదీసింది. అది చూశాక ఆయన తల ఎత్తి చదివాడు.

గడియారాలాయన వీధిలో దుకాణం ముందు వ్యాను ఆపించి, పైన కిటికీకేసి రెండుసార్లు చదివాడు. గురువారం ఆయన కూడా అదే వరసలో నిలబడి నమూనా ఇచ్చాడు. తలుపు తీసి ఆయన భార్య వచ్చింది. ఆవిడ చేతిలో ఒక కాగితముంది.

"నిన్న పోయారు, అన్నయ్యగారూ" అంది. "ఇది ఇవాళ పొద్దున వచ్చింది. రోగం లేదని."

తాతయ్య చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. ఆ వీధంతా ఆవిడ మాట విన్నది. గడియారాలాయనను ప్రభుత్వం రోగంతో పోయినవాళ్ల లెక్కలో వేసుకోలేదు. నిజమే, ఆయనకు రోగం లేదు. కాగితం కూడా ఇచ్చారు.

అదే రోజు ఆఫీసులో అసలైన నలభై ఏడో నంబరు కూడా బయల్దేరింది. పార్కుల్లో బెంచీలు ఎవరూ కూర్చోకుండా తలకిందులుగా పెట్టాలట. రెండు నలభై ఏడులున్నాయని ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లకు తాము ఇచ్చినవే గుర్తుండవు, ఇవ్వనివి ఎలా గుర్తుపడతారు? మంగళవారం పేపర్లో తాతయ్య చదివిన నలభై ఏడు అచ్చయింది. డయాలసిస్ రోగులకు ఊరట, మంత్రి చొరవ అని హెడ్డింగు పెట్టారు. అది చూసి మంత్రిగారు ఆరోగ్యాధికారికి ఫోను చేసి మెచ్చుకున్నారు. దాంతో ఆ ఉత్తర్వుకు తండ్రి దొరికాడు.

బుధవారం తాతయ్యకు పిలుపొచ్చింది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వెళ్లాడు. అధికారి ఈసారి ప్లాస్టిక్ తెర ఎత్తి మాట్లాడాడు.

"నలభై ఏడు మీరు సరిగ్గా చదవలేదని తెలిసింది."

తాతయ్య జేబులో చీటీని తడుముకున్నాడు.

"మొదట్లో 'గౌరవ మంత్రివర్యుల దయతో' అని ఉండాలి. ఆ ముక్క వదిలేశారు. రేపు అన్ని వీధుల్లో కలిపి చదవండి."

తాతయ్య ఆలోచించుకుని చెబుతానన్నట్టు తలూపి ఇంటికొచ్చాడు. దయ అనే మాట నోట్లో పెట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. పీకేసిన గది వాళ్లది, రెండు రోజుల లెక్క వాళ్లది, ఇప్పుడు దయ కూడా వాళ్లదేనా అని అమ్మమ్మ ముందు గొణిగాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని, ఉబ్బు దిగిన పాదాలకు చెప్పులు తొడిగి చూసుకుంటోంది.

"మీ దగ్గరున్నది పేరూ నంబరూ లేని చీటీ. రేపు ఆ ఆఫీసరు మారితే అది చిత్తుకాగితం. దయ కాకపోతే కరుణ అని కూడా రాసుకోమనండి. నంబరు వేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇమ్మనండి. మాటదేముంది, నా సూదులకంటే గుచ్చుకుంటుందా?"

తాతయ్య అలాగే అడిగాడు. రాసింది తప్ప చదవననీ, అది తన నలభై ఏళ్ల నియమమనీ చెప్పాడు. అధికారి ఎంతో సంతోషంగా టైపు చేయించి, నలభై ఏడు అని నంబరు వేసి, రెండు కాపీలు ఇచ్చాడు. ఒకటి గోడౌను గేటు బల్ల మీద అంటించారు.

గురువారం ఐదు కుర్చీలు నిండాయి. అమ్మమ్మను మూడో నంబరులో కూర్చోబెట్టి తాతయ్య వ్యానెక్కాడు. బజార్లో, స్టేషను దగ్గర, స్కూలు వెనక, అన్నిచోట్లా మంత్రివర్యుల దయ గురించి పొల్లుపోకుండా చదివాడు. ఒక కిటికీలోంచి ఎవరో, "ఎంత దయ పెద్దాయనా, కిలోనా రెండు కిలోలా?" అని అడిగారు. ఆయన నవ్వలేదు.

గడియారాల దుకాణం వీధి మొదట్లోకి వచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవరు ఆంప్లిఫయరు ఆపేశాడు. వీధి చివరిదాకా ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రం ఆఫీసుకిచ్చే పట్టీలో, ఏయే వీధుల్లో చదివారన్న చోట, తాతయ్య ఆ వీధి పేరు రాసి, దాని పక్కన 'చదవలేదు' అని రాసి, కింద తన సంతకం పెట్టాడు.